ఎముక కలకత్తాకు, పేటిక మద్రాసుకు

తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు దారిలో భట్టిప్రోలు ఒక స్టేషను. అక్కడి మహాస్తూపాన్ని 1892లో తవ్వించిన అలెగ్జాండర్ రే మూడు రాతి పేటికలను వెలికి తీశాడు. పేటికల మీద ప్రాకృత శాసనాలు. లోపల స్ఫటిక పాత్ర, బంగారు రేకు పూలు, పూసలు, చిన్న ఎముక ముక్క. పెనుమూడిలోనో రేపల్లెలోనో కూర్చుని పురావస్తు శాస్త్రం, మ్యూజియాలజీ పీజీ ప్రవేశ పరీక్షలకు చదివే విద్యార్థికి ఇది పక్క ఊరి సంగతి. గైడులో మాత్రం నాలుగు బిట్లు. తవ్వినదెవరు? రే. శాసనాలను చదివి ప్రకటించినదెవరు? జార్జ్ బ్యూలర్. వాటిలో కనిపించే రాజెవరు? కుబీరకుడు. లిపిలో ప్రత్యేకత ఏమిటి? హల్లులో ఇమిడి ఉండే అకారాన్ని కూడా విడిగా గీతతో చూపడం. ఈ నాలుగూ తెలియాల్సినవే. గైడు అడగని ఐదో ప్రశ్న ఒకటుంది: దొరికినవన్నీ ఎక్కడికి పోయాయి? శాసనాలున్న రాతి పేటికలు మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో ఉండిపోయాయి. బుద్ధుని ధాతువుగా, అంటే శరీర అవశేషంగా, నమ్మిన ఎముకను ప్రభుత్వం మహాబోధి సొసైటీ అనే బౌద్ధ సంస్థకు ఇచ్చింది. 1920లో బెంగాల్ గవర్నరు రొనాల్డ్‌షే చేతుల మీదుగా అందిన ఆ ధాతువు కలకత్తా కాలేజీ స్క్వేరులోని ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠ పొందింది. దిబ్బ మాత్రం భట్టిప్రోలులో మిగిలింది.

ఈ పంపకం వెనక ఒక సిద్ధాంతం ఉంది. పవిత్రత ఎముకలో ఉంది కాబట్టి అది భక్తులకు చెందాలి. జ్ఞానం రాతిలో, రాతలో ఉంది కాబట్టి అది పండితులకు చెందాలి. ఆనాటి ప్రభుత్వానికి ఇది తెలివైన రాజీగా తోచింది. తక్షశిల, నాగార్జునకొండల ధాతువులు సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి చేరడం కూడా ఈ వరసలోదే. ఎవరికి కావలసింది వారికి దక్కింది, ఎవరూ నొచ్చుకోలేదు, ఇంకేం కావాలి అనిపిస్తుంది. నా వాదన వేరు. పవిత్రత, సాక్ష్యం రెండు వేర్వేరు సరుకులని అనుకోవడంలోనే ఈ పంపకం దారి తప్పింది. రెండింటికీ ఆధారం ఒక్కటే: ఆ వస్తువును ఎవరు, ఎక్కడ, దేనితో కలిపి, ఎందుకు ఉంచారన్న సంబంధాల అల్లిక. అది తెగితే భక్తుడూ నష్టపోతాడు, పండితుడూ నష్టపోతాడు. పురావస్తు విద్యలోకి అడుగుపెట్టే వాళ్లు మొదట తేల్చుకోవలసిన ధర్మసంకటం ఇదే.

ముందుగా బౌద్ధ సంప్రదాయాన్నే అడుగుదాం. మహాపరినిబ్బాన సుత్తంలో బుద్ధుని అస్థికల కోసం రాజులూ గణాలూ తలపడబోతే ద్రోణుడనే బ్రాహ్మణుడు వాటిని ఎనిమిది భాగాలు చేసి తగవు తీర్చాడు. తన వంతుగా ఆయన అడిగింది అస్థికలు కొలిచిన పాత్రను. దాని మీద ఆయన స్తూపం కట్టించాడు. ఆలస్యంగా వచ్చిన మోరియులకు చితిలోని బొగ్గులు దక్కాయి. వాటి మీదా స్తూపం లేచింది. అలా అస్థికలకు ఎనిమిది, పాత్రకొకటి, బొగ్గులకొకటి, మొత్తం పది స్తూపాలు. బుద్ధుడు వాడిన భిక్షాపాత్ర, చీవరం వంటివీ, ఆయనను గుర్తుచేసే ప్రతిమలూ కూడా పూజనీయాలేనని తర్వాతి సంప్రదాయం విభాగం చేసి మరీ చెప్పింది. అంటే ఎముక ఒక్కటే ధాతువు, దాన్ని పట్టుకున్న పాత్ర వట్టి డబ్బా అన్న ఆలోచన బౌద్ధులది కాదు. భట్టిప్రోలు శాసనమే ఈ మాటకు సాక్షి. కుర అనే వ్యక్తి, అతని తండ్రి, తల్లి, శివ అనే మరొకరు కలిసి బుద్ధుని శరీర ధాతువులను ఉంచడానికి పేటికనూ స్ఫటిక సంపుటాన్నీ సమకూర్చామని రాయించుకున్నారు. వాళ్లు తెచ్చినది ధాతువును కాదు, పేటికను. వాళ్ల పుణ్యకార్యమంతా ఆ రాతిలోనే ఉంది. ఎముకను కలకత్తాకూ రాతిని మద్రాసుకూ పంపినప్పుడు దాతల దానాన్ని దాని ఉద్దేశం నుంచి విడదీసినట్టయింది.

అయితే పవిత్రత పేటికలో కూడా ఉందని చెప్పి ఊరుకుంటే సరిపోదు. అప్పుడు లెక్కలో ఒక వస్తువు పెరుగుతుందే గాని ప్రశ్న అలాగే ఉంటుంది. పవిత్రత అసలు వస్తువులో ఉండే గుణమేనా? మిలిందపన్హలో మిలింద రాజు నాగసేన భిక్షువును సూటిగా ఇదే నిలదీస్తాడు. బుద్ధుడు పూజను స్వీకరిస్తున్నాడంటే ఆయన ఇంకా లోకానికి కట్టుబడి ఉన్నట్టు. స్వీకరించడం లేదంటే పూజ వ్యర్థం. ఏది నిజం? ఆరిపోయిన మహాగ్ని కట్టెలను కోరదు, అయినా నిప్పు కావలసినవాడు తన ప్రయత్నంతో రాజేసుకుంటాడు కదా అంటాడు నాగసేనుడు. ఫలితం పూజించేవాడి చిత్తంలో, అతని ప్రయత్నంలో పుడుతుంది తప్ప ఎముకలోంచి ప్రసరించదు. సంప్రదాయం కృష్ణా లోయతో ముడిపెట్టిన నాగార్జునాచార్యుడు ఈ ఆలోచనను చివరంటా తీసుకుపోయాడు. దేనికీ తనంతట తానుగా స్వభావం లేదు, ప్రతిదీ ఇతర కారణాలను ఆశ్రయించి పుడుతుంది అన్నది ఆయన దర్శనం. ధాతువు విషయంలో దీనికి భట్టిప్రోలు కన్నా మంచి రుజువు దొరకదు. ఎముక లోపల ఉండగానే, పూజించేవాళ్లు కరవైన శతాబ్దాల తర్వాత, ఊళ్లోవాళ్లు ఆ చోటును లంజదిబ్బ అన్నారు. రే రాకముందే స్తూపం ఇటుకలు రోడ్డు పనికీ, చలువరాళ్లు కాలువ కట్టడాలకూ తరలిపోయాయి. పవిత్రత ఎముక గుణమే అయితే ఆ దిబ్బకు ఆ పేరు పడేది కాదు, ఆ ఇటుక మీద బండ్లు నడిచేవి కావు. అది మనుషులకూ, చోటుకూ, జ్ఞాపకానికీ మధ్య ఉన్న సంబంధంలో బతికింది. సంబంధం తెగగానే ఆరిపోయింది.

ఇప్పుడు సాక్ష్యం సంగతి చూద్దాం. పురావస్తు విద్యలో మొదటి పాఠం, వస్తువు కన్నా అది దొరికిన సందర్భం ముఖ్యమని. ఏ పొరలో ఉంది, పక్కన ఏమున్నాయి, తలకిందులుగా ఉందా, మూత వేసి ఉందా అన్నవి నమోదు కాకపోతే ఎంత అందమైన వస్తువైనా సగం మూగదే. భట్టిప్రోలు పేటికలు ఏదో పాత సామాన్ల కొట్లో దొరికాయనుకోండి. లిపిని బట్టి బ్యూలర్ వాటిని సుమారు క్రీ.పూ. 200 నాటివన్నాడు, తర్వాతి పండితుల్లో కొందరు ఇంకా కిందికి దించారు; ఆ చర్చకైనా ఆధారం మిగిలేది, కాని అవి స్తూప గర్భంలో ఉండేవన్న సంగతి ఎప్పటికీ తేలేది కాదు. శాసనంలో శివ అన్న పేరు చూడగానే శైవుడొకడు బుద్ధ ధాతువుకు దానం చేశాడని చెప్పేయాలనిపిస్తుంది. పేరొక్కటే మతాన్ని రుజువు చేయదని శాస్త్రం చెయ్యి పట్టుకుని ఆపుతుంది. పక్క ఆధారం ఉంటేనే ఆ మాట అనమంటుంది. రాజైన కుబీరకుడు ఒక గోష్ఠికి ప్రముఖుడిగా, నిగమ సభ్యుల పేర్ల పట్టికతో పాటు కనిపించడం కూడా అన్నీ ఒకే చోట ఉన్నందుకే అర్థమిస్తోంది: ఈ డెల్టాలో రాజు, వర్తకులు, ఒక కుటుంబం కలిసి ఒక పుణ్యకార్యం తలపెట్టారు. అంటే సాక్ష్యానికి కూడా స్వభావం లేదు. అదీ సంబంధాలను ఆశ్రయించే పుడుతుంది. నాగార్జునుడు తర్కంతో చెప్పినదాన్ని తవ్వకం పని చేసేవాడు తాపీతో, కొలతల టేపుతో రోజూ ఆచరిస్తున్నాడు.

ఈ మాట గాలిలో తేలే తత్త్వం కాదనడానికి పిప్రాహ్వా కథ చాలు. 1898లో డబ్ల్యూ.సి. పెప్పే తన ఎస్టేటులోని స్తూపాన్ని తవ్వితే అస్థికలతో పాటు రత్నాలు, బంగారు రేకులు వందల కొద్దీ దొరికాయి. అస్థికలు ధాతువులు కాబట్టి సయాం రాజుకు వెళ్లాయి. రత్నాలు నగలు కాబట్టి ఎక్కువ భాగం మ్యూజియానికీ, కొన్ని పెప్పే కుటుంబానికీ మిగిలాయి. నూట పాతికేళ్ల తర్వాత, 2025 మే నెలలో, ఆ కుటుంబం వద్ద ఉన్నవి సోథబీస్ వేలానికి వచ్చాయి. భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పాక వేలం ఆగింది. జూలైలో గోద్రెజ్ సంస్థ ద్వారా అవి దేశానికి చేరాయి. బుద్ధునితో పాటు నిక్షేపమైన రత్నాన్ని మార్కెట్టులో పెట్టవచ్చునన్న ధైర్యం ఎక్కడిది? ఎముక వేరు, దానితో ఉన్నది వేరు అన్న ఆ పాత పంపకంలోనిదే. మద్రాసు మ్యూజియం పేటికలను భద్రంగా కాపాడింది, అమ్మలేదు. అందుకు దానికి రుణపడాలి. కాని ఆలోచనలో ఉన్న లోపం ఒక చోట భద్రంగా దాగి ఉన్నా, మరో చోట వేలంపాటగా బయటపడుతుంది.

పరీక్షకు చదివే పిల్లలకు ఈ వేదాంతం ఎందుకు, బిట్లు పెట్టి ర్యాంకు తెచ్చుకోనివ్వండి అని ఎవరైనా అనవచ్చు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం కావచ్చు, పుణెలో డెక్కన్ కాలేజీ కావచ్చు, గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖ వారి సంస్థ కావచ్చు. లోపలికి వెళ్లాలంటే మార్కులు కావాలి, మార్కులకు జవాబులు కావాలి. నిజమే. అయితే సిలబస్‌ నిండా ఉన్నవి తాత్త్విక నిర్ణయాలే. కట్టడాలను పూజ సాగుతున్న జీవ కట్టడాలనీ, పూజ ఆగిన నిర్జీవ కట్టడాలనీ విడదీసి చదువుతాం. నిర్జీవమని తేల్చినదెవరు? శాఖ రక్షణలోకి తీసుకున్న రోజున అక్కడ దీపం వెలుగుతోందా లేదా అన్నదే కొలమానం. వెయ్యేళ్లు వెలిగి ఆ ఒక్క కాలంలో ఆరినా నిర్జీవమే. రేణిగుంట దగ్గర గుడిమల్లం లింగం శాఖ రక్షణలోనూ ఉంది, పూజా అందుకుంటోంది. రెండూ కుదురుతాయని ఆ గుడి చూపిస్తోంది. 1958 ప్రాచీన కట్టడాల చట్టంలోని 16వ సెక్షను, పూజాస్థలమైన రక్షిత కట్టడాన్ని దాని స్వభావానికి విరుద్ధంగా వాడకూడదంటుంది. సెక్షను నంబరు బిట్. దాని స్వభావం ఏమిటో చెప్పేదెవరన్నది తత్త్వం. మొదటిది రానివాడు సీటు తెచ్చుకోలేడు. రెండోది తెలియనివాడు సీటు తెచ్చుకున్నా ఆ పని చేయలేడు. యూజీసీ నెట్‌లో పురావస్తు శాస్త్రానికి ఒక పేపరు, మ్యూజియాలజీకి మరో పేపరు ఉన్నాయి. తవ్వేవాడి చదువూ ప్రదర్శించేవాడి చదువూ విడిపోయిన చోట ఈ రెండో ప్రశ్నను ఎవరూ తమది అనుకోని ప్రమాదం ఉంది.

రెండో అభ్యంతరం భక్తుడిది, మొదటిదానికన్నా బరువైనది. మూత వేసి, స్తూపం కట్టి, ఇక తెరవకూడదనుకుని వాళ్లు ఉంచినదాన్ని మీరు తెరిచారు. సంబంధాల గురించి మాట్లాడే హక్కు మీకెక్కడిది? దీనికి పూర్తి జవాబు లేదు. ఉన్నంతవరకు చెప్పగలిగింది ఇది: భట్టిప్రోలులో దిబ్బ అప్పటికే ఇటుకలుగా కరిగిపోతోంది. తవ్వకం జరగకపోతే పేటికలు రోడ్డు కింద నలిగి ఉండేవి, కుర తల్లిదండ్రుల సంగతి మనకు అందేదే కాదు. తెరవడం వల్ల ఒక సంకల్పం భగ్నమైంది, తెరవకపోతే ఆ సంకల్పం చేసినవాళ్లే చెరిగిపోయేవారు. అయినా ఈ సమర్థన ముప్పు ఉన్న చోటికే వర్తిస్తుంది. కుతూహలం ఒక్కటే తవ్వడానికి అనుమతి కాదు. తవ్వినవాడు నమోదు చేయాలి, ప్రకటించాలి, తీసినదాని మీద బాధ్యత మోయాలి. ఈ కాలపు పురావస్తు శాస్త్రం ఒక భాగాన్ని తవ్వకుండా రాబోయే తరాలకు వదిలేయడం నేర్చుకుంది. అందులో శాస్త్రానికి ఎంత వివేకం ఉందో భక్తికి అంత గౌరవమూ ఉంది.

మూడోది హేతువాది మాట. త్రిపురనేని రామస్వామి సూతాశ్రమం కట్టుకుని శాస్త్ర పురాణాలను ప్రశ్నించిన తెనాలి గడ్డ మీద దీన్ని తోసిపుచ్చడం కుదరదు. ఆ ఎముక బుద్ధునిదేనని ఎవరు రుజువు చేశారు? రుజువు కానిదానికి ప్రభుత్వ మ్యూజియం మర్యాదలెందుకు? మతాలకు అతీతమైన ప్రభుత్వం పని ఇదా? మొదటి ప్రశ్నకు జవాబు సూటిగా చెప్పాలి: ఎవరూ రుజువు చేయలేదు. శాసనం రుజువు చేసేది బుద్ధుని శరీరాన్ని కాదు, అది బుద్ధునిదని నమ్మి దాచినవాళ్ల నమ్మకాన్ని. కాబట్టి అద్దాల పెట్టె కింద చీటీ మీద 'బుద్ధుని ధాతువు' అని రాయడం తొందరపాటు. 'పాత ఎముక ముక్క' అని రాయడం కూడా అంతే తప్పు, ఉన్న సాక్ష్యాన్ని దాచడం. 'బుద్ధుని ధాతువుగా విశ్వసించి స్తూపంలో నిక్షిప్తం చేసినది' అని రాస్తే హేతువాదికి అసత్యం చెప్పినట్టు కాదు, భక్తుణ్ణి అవమానించినట్టూ కాదు. ఇది ఇద్దరి మధ్య బేరం కాదు, సాక్ష్యం చెప్పేది సరిగ్గా అంతే. ఇక ప్రభుత్వం సంగతి: పెప్పే తర్వాత జరిగిన తవ్వకంలో దొరికిన పిప్రాహ్వా ధాతువులు ఢిల్లీ జాతీయ మ్యూజియంలో థాయిలాండ్ కానుకగా ఇచ్చిన బంగారు మండపంలో ఉన్నాయి, సందర్శకులు అక్కడ చేతులు జోడిస్తారు. ఆ ధాతువులనే ప్రభుత్వం 2022లో మంగోలియాకూ, 2024లో థాయిలాండ్‌కూ దర్శనార్థం పంపింది. మ్యూజియంలో ఉన్నంత మాత్రాన వస్తువు పూజకు అనర్హం కాదని రాజ్యం ఎప్పుడో ఒప్పుకుంది. ఒప్పుకున్నదాన్ని విదేశీ మర్యాదలకే కాక పల్లెలకూ వర్తింపజేయమని అడగడం ఏ మతానికీ పక్షపాతం కాదు.

సందర్భమే పవిత్రత అయితే అన్నీ గుళ్లకే వదిలేస్తే పోదా, మ్యూజియం ఎందుకు అన్నది చివరి అభ్యంతరం. తెనాలికి దగ్గర్లోని చేబ్రోలు దీనికి రెండు వైపులా సాక్ష్యమిస్తుంది. అక్కడి భీమేశ్వరాలయంలో పునరుద్ధరణ పనుల మధ్య బయటపడిన ఒక స్తంభ శాసనాన్ని 2019లో కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం చదివింది. శాతవాహన రాజు విజయుని కాలం, క్రీ.శ. 207, సప్తమాతృకల ఆరాధనను తెలిపే సంస్కృత శాసనం. దక్షిణాదిలో దొరికిన సంస్కృత శాసనాల్లో అతి ప్రాచీనమైనదిగా శాఖ దాన్ని ప్రకటించింది. నకలు తీసుకుని చదివారు, చరిత్ర మారింది, గుడి గుడిగానే ఉంది. ఇక్కడ పంపకం అవసరమే పడలేదు. అయితే రాయిని చదివేవాళ్లు రాకపోయి ఉంటే, అది ఏ గోడలోనో సున్నం కింద కప్పబడిపోయేది. ఎన్నో గుళ్లలో శాసనాలు సిమెంటు పూతలకూ, ఇసుక కొట్టి శుభ్రం చేసే యంత్రాలకూ బలవుతున్నాయి, చేసేవాళ్లు భక్తులే. తెలివిడి లేని భక్తి తన పునాదిని తానే చెక్కేసుకుంటుంది. భక్తి ఊసెత్తని పాండిత్యం ఎముకను ఒక నగరానికీ, పేటికను ఇంకో నగరానికీ పంపి పని అయిపోయిందనుకుంటుంది. ఒకరికొకరు కావాలి.

కాబట్టి పరీక్షకు చదువుతున్న విద్యార్థికి చెప్పవలసింది ఇది. బిట్లు వదలొద్దు, 1878 నిధి నిక్షేపాల చట్టమూ, 1972 పురావస్తువుల చట్టమూ, స్తూపం భాగాల పేర్లూ నోటికి రావాలి. వాటితో పాటు ప్రతి వస్తువుకూ మూడు ప్రశ్నలు వేసుకో: దీన్ని ఎవరు, ఎందుకు ఇక్కడ ఉంచారు? ఎవరు, ఏ అధికారంతో తీశారు? ఇవాళ దీన్ని తమదనుకునేవాళ్లెవరు? పెనుమూడి రేవులో 2016 కృష్ణా పుష్కరాలకు మునిగినవాళ్లకు నది ఎంత నిజమో, అదే నది వాణిజ్యం మీద బతికిన నిగమ సభ్యులకు స్తూపం అంత నిజం. మునక వేసేవారి విశ్వాసాన్ని మూఢనమ్మకమని ఒక్క మాటతో కొట్టేసేవాడికి కుర కుటుంబం రాయించిన వాక్యం కూడా అర్థం కాదు.

ఆ పాత పంపకాన్ని పూర్తిగా వెనక్కి తిప్పలేం. ధర్మరాజిక విహారంలో శతాబ్దానికి పైగా పూజలందుకున్న ధాతువుకు అక్కడ కొత్త సంబంధాలు ఏర్పడ్డాయి, వాటినీ గౌరవించాలి. అయితే సాంచీ పరిసరాల్లో దొరికి లండన్ దాకా పోయిన సారిపుత్త, మొగ్గల్లానుల ధాతువులు తిరిగొచ్చి 1952లో సాంచీలోనే ప్రతిష్ఠ పొందాయి. దారి లేదనడానికి వీల్లేదు. కలకత్తాలోని ధాతువునూ, చెన్నైలోని పేటికలనూ కొద్ది రోజులైనా భట్టిప్రోలు స్తూపం దగ్గర కలిపి ప్రదర్శించాలి. అందుకు చెన్నై మ్యూజియం, మహాబోధి సొసైటీ, కేంద్ర పురావస్తు శాఖ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూర్చుని మాట్లాడుకుంటే చాలు. ఆ ప్రదర్శనకు చీటీలు రాసే పని బాపట్ల జిల్లా నుంచి పరీక్ష రాసి సీటు తెచ్చుకున్న పిల్లలకు అప్పగించాలి.